సూదుల మంగళవారం

“సూదులు పొడిపించుకున్న పిల్లే పోయింది. ఇంక మా పిల్లల్ని పొడిపించి ఏడిపించడం దేనికట?”

ఈ మాట ఫంగాలెలే ఊళ్ళో మొదట ఎవరి నోట పుట్టిందో ఎవరూ చెప్పలేరు గానీ, వారం తిరిగేసరికి అందరి నోటా అదే. చర్చి మెట్ల మీద అదే, రాళ్ళ పొయ్యి దగ్గర అదే, పోటు తీశాక గవ్వలేరుకునే ఆడవాళ్ళ మధ్యా అదే. చివరికి ఆ మాట బస్సెక్కి గంట దూరంలో ఉన్న వైపూనాకి కూడా వచ్చేసింది. అక్కడ పుట్టింట్లో, తుంటి విరిగి లేవలేని తల్లికి కాళ్ళు ఒత్తుతూ కూర్చున్న లితారా చెవిలో పడింది. పోయిన పిల్ల ఆవిడ కూతురే. పేరు సియేనీ. పన్నెండేళ్ళది.

మాట మోసుకొచ్చింది సలీలో. ఫంగాలెలేలో లితారా అత్తవారింటికి పక్కిల్లు ఆమెది. చెడ్డ మనిషేం కాదు. పరామర్శకని ఉడికించిన చేమదుంపలు బుట్టనిండా పెట్టుకుని వచ్చింది. కూర్చుంది, కాసేపు ఏడ్చింది, ముక్కు చీదుకుంది, ఆ తర్వాత ఊరి కబుర్లలో పడింది.

“మొన్న మంగళవారం నర్సు వచ్చిందే. ఒక్క పిల్ల వస్తే ఒట్టు! మీ వదిన మోయెలంగికి శంఖం ఊదీ ఊదీ బుగ్గలు వాచిపోయాయి. అంతమందికి వండిన వంట ముందర పెట్టుకుని నర్సూ ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారట. ఎవరు పంపుతారు చెప్పు? నేనూ పంపలేదు మా పెనీనాని. మీ సియేనీకి మూడేళ్ళు పొడిచారు. ఏమైంది? దానికి జరగని మేలు దీనికి జరుగుతుందా?”

లితారా చేతులు తల్లి కాళ్ళ మీద ఆగిపోయాయి. పెనీనా గుండెలో కూడా అదే చెడ్డ చప్పుడు. సియేనీ, పెనీనా ఒకే బడి, ఒకే బెంచీ, ఒకే జబ్బు. ఆ పిల్లకి సూది ఆపితే ఏమవుతుందో లితారాకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే చాలు. నా కూతురు సూదులు వేయించుకుని పోలేదే సలీలో, వేయించుకోక పోయింది. అంతే. ఆ ఒక్క ముక్కా గొంతులో అడ్డం పడింది.

“దుంపలు బాగా ఉడికాయి,” అంది లితారా.

సలీలో కళ్ళు తుడుచుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ ముక్క ఎందుకు బయటికి రాలేదో చెప్పాలంటే మోయెలంగి గురించి చెప్పాలి. లితారా మొగుడు సెఫోకి ఆవిడ అక్క. మా సవాయి దీవిలో మేనత్త అంటే మాటలు కాదు. అన్నదమ్ముల ఇంట ఆడపడుచుదే పెద్దపీట. ఆవిడ ముందు తమ్ముడు గొంతు పెంచడు, తమ్ముడి పెళ్ళాం కాళ్ళు చాపుకుని కూర్చోదు. ఆవిడ మనసు నొచ్చుకుంటే పిల్లలకి అరిష్టమని పెద్దవాళ్ళు ఇప్పటికీ భయపడి చస్తారు. అందులోనూ మోయెలంగి గొంతు విప్పిందంటే పగడపు దిబ్బ అవతల వల వేసుకునేవాడికి కూడా వినిపిస్తుంది. ఇక సెఫో సంగతా? అక్కకీ పెళ్ళానికీ మధ్య పడి ఉన్న నోరు కూడా పోగొట్టుకున్న మనిషి. తోటకి పోతాడు, వస్తాడు, పెట్టింది తింటాడు.

సియేనీకి తొమ్మిదేళ్ళప్పుడు ఓ వారం గొంతు నొప్పి వచ్చి తగ్గింది. గొంతు నొప్పి రాని పిల్లలెవరు? ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒళ్ళు వెచ్చబడింది, మోకాళ్ళు బూరెల్లా వాచాయి. ఎదిగే పిల్ల, ఎముకలు సాగుతున్నాయని మర్దన చేసే ముసలమ్మ కొబ్బరినూనె పెట్టి తోమింది. నొప్పి మోకాలు వదిలి చీలమండకి దిగింది. చూశారా, తోమేసరికి నొప్పి పారిపోతోందని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. చీలమండ వదిలి మోచేతికి ఎక్కినప్పుడు మాత్రం మోయెలంగి మురవలేదు. పిల్లని భుజాన వేసుకుని బస్సెక్కింది. ఆసుపత్రిలో గుండె చప్పుడు విని చెప్పారు. గొంతులో పుట్టిన జబ్బు కీళ్ళ మీదుగా గుండెకి పాకింది, గుండెలో రక్తానికి దారి తీసి మూసే తలుపులు చెడుతున్నాయి, నాలుగు వారాలకోసారి సూది పడాలి, ఏళ్ళ తరబడి పడాలి, ఒక్కటి కూడా తప్పకూడదు, తప్పిందా మళ్ళీ గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా ఆ తలుపులు ఇంకాస్త పాడవుతాయి.

ఆవిడ ఊరికి తిరిగొచ్చి ఆడవాళ్ళ కమిటీని కూర్చోబెట్టింది. కమిటీకి పెద్ద ఆవిడే.

“ఏ ఇంటి చాపలు మాశాయి, ఏ ఇంటి దోమతెర చిరిగింది అని నెలనెలా ఇల్లిల్లూ తిరిగి తిట్టి వస్తున్నాం కదా,” అంది. “చాపలు చూసిన కళ్ళతో పిల్లల గొంతులు చూడలేమా? ఇవాళ్టి నుంచి ఏ పిల్లకి గొంతు నొప్పి వచ్చినా, పుండు పడినా, ఆ రోజే నర్సుకి చూపించాలి. చూపించని ఇంటికి చేపల డబ్బాలు జరిమానా.”

“ఎన్ని డబ్బాలు?” అని అడిగింది వెనకనుంచి ఎవరో.

“నీ మొహం చూసి చెబుతాను!” అంది మోయెలంగి.

అలా మొదలైంది సూదుల మంగళవారం. ఆసుపత్రి మీద అలిగి, బతిమాలి, చివరికి బెదిరించి నర్సుని ఊళ్ళోకి రప్పించింది. పొద్దున్నే శంఖం ఊదేది. జబ్బు పట్టిన పిల్లలందరూ కమిటీ ఇంట్లో వరసగా బోర్లా పడుకునేవాళ్ళు. ఆ మందు కొబ్బరిపాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. తుంటిలోకి దిగుతుంటే పెద్దవాళ్ళకే ప్రాణం పోతుంది. అందుకని ఆడవాళ్ళు చుట్టూ చేరి పాటలు పాడేవాళ్ళు, పిల్లల ఏడుపు పాటలో కలిసిపోయేది. అయ్యాక జరిమానా డబ్బాల చేపలూ, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన కూరా కడుపునిండా పెట్టేవాళ్ళు. జరిమానా కట్టినవాళ్ళు తమ డబ్బా ఏ పిల్ల తింటోందా అని తొంగి చూసేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చూసి వెళ్ళి తమ ఊళ్ళలోనూ మొదలుపెట్టారు. వైపూనాలో కూడా పెట్టారు. ఇదంతా సియేనీ పుణ్యమే. ఆ ఒక్క పిల్ల కోసం మేనత్త వేసిన కేకలు ఎంతమంది పిల్లల్ని కాపాడాయో!

మరి ఆ పిల్లకే సూది ఎలా తప్పింది?

లితారా తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లితారా సగం రోజులు వైపూనాలో, సగం రోజులు ఫంగాలెలేలో. సియేనీ ఓసారి తల్లి వెంట, ఓసారి మేనత్త దగ్గర. మాలో పిల్లలకి ఒక ఇల్లంటూ ఉండదు కదా, ఎక్కడ అన్నం దొరికితే అక్కడ తింటారు, ఎక్కడ చాప పరిస్తే అక్కడ పడుకుంటారు. అది మంచి అలవాటనే అందరం అనుకుంటాం. పిల్లకి సూదంటే చచ్చేంత భయం. మూడేళ్ళు పళ్ళ బిగువున భరించింది పాపం. ఇప్పుడు దారి దొరికింది. ఫంగాలెలేలో మంగళవారం దగ్గర పడేసరికి దానికి అమ్మమ్మ మీద బెంగ పుట్టుకొచ్చేది. వైపూనాలో నర్సు వచ్చే వారం బడి మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చేది. ఇక్కడ “అమ్మమ్మ ఊళ్ళో వేశారత్తా” అనేది. అక్కడ “అత్త వేయించిందమ్మా” అనేది. ఈ ఊరి నర్సు వేరు, ఆ ఊరి నర్సు వేరు. ఐదు నెలలు ఇలాగే గడిచాయి.

పిల్ల అబద్ధమాడింది, సరే. పెద్దవాళ్ళకేమైంది? లితారాకి ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది కూడా. పిల్ల కుంటకుండా నడుస్తోందేమిటి, సూది పడ్డ మర్నాడు కుంటుతుందే అనుకుంది. వదినని అడుగుదామనుకుంది. ఎలా అడుగుతుంది? మా పిల్లకి సూది వేయించారా అని అడగడమంటే మేనత్తని పట్టుకుని నా బిడ్డని సరిగ్గా చూస్తున్నారా అని నిలదీసినట్టే. అదీ ఊరందరి పిల్లలకీ సూదులు వేయించే మనిషిని! అడిగితే నాలుక చీరెయ్యరూ? మోయెలంగికీ అనుమానం రాకపోలేదు. ఊరందరి ఇళ్ళలోకీ దూరి పిల్లల నోళ్ళు తెరిపించి చూసే మనిషి, సొంత మరదలి దగ్గరికి వచ్చేసరికి మూగదైపోయింది. అడిగితే నువ్వూ ఒక తల్లివేనా అన్నట్టు వినిపిస్తుందేమో, అసలే ముసలి తల్లితో సతమతమవుతోంది, చిన్నబుచ్చుకుంటుందేమో అనుకుంది. ఎంత మర్యాద! ఎంత గౌరవం! ఆ మర్యాదని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాలి.

వానాకాలంలో సియేనీకి మళ్ళీ గొంతు నొప్పి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నర్సు దగ్గరికి తీసుకెళతారు కదా. కొన్నాళ్ళకి జ్వరం, ఆయాసం. రాత్రిళ్ళు పడుకోలేక కూర్చునే నిద్రపోయేది. పాదాలు పొంగాయి. మోయెలంగి, లితారా ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చిన్న వయసుది. పిల్ల గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, తలెత్తి అడిగింది.

“చివరి సూది ఎక్కడ వేయించారు?”

“మా వదిన దగ్గర,” అంది లితారా.

“వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో,” అంది మోయెలంగి.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. మంచానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. డాక్టరమ్మ ఒకసారి ఈవిడని, ఒకసారి ఆవిడని చూసింది. ఇంక ఏమీ అడగలేదు. అడగడానికేముంది? సియేనీ కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

“తిట్టకే అమ్మా,” అంది, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ.

“లేదు తల్లీ. ఎవరూ తిట్టరు. ఎవరు తిడతారు నిన్ను?” అంది లితారా.

ఊరినంతా తిట్టే మోయెలంగి గోడ వైపు తిరిగి, ఏడుపు బయటికి రాకుండా కట్టుబట్ట చెంగు నోట్లో కుక్కుకుంది.

ఓడ మీద పక్క దీవిలో ఉన్న అపియా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్‌కి న్యూజిలాండ్ పంపాలన్నారు. పంపేదాకా పిల్ల ఆగలేదు. తిరిగి అదే ఓడ మీద తీసుకొచ్చి సెఫో ఇంటి ముంగిట్లోనే పూడ్చిపెట్టారు. మేం చచ్చిపోయినవాళ్ళని దూరంగా పంపం, గుమ్మం ముందే ఉంచుకుంటాం. సమాధి పక్కనే కూర్చుని అన్నం తింటాం, పిల్లలు దాని మీదెక్కి ఆడుకుంటారు. లితారా మాత్రం ఆ గచ్చు మీద తడి ఆరకముందే, అమ్మని చూసుకోవాలని సాకు చెప్పి వైపూనా వచ్చేసింది. కన్న కూతురి సమాధి వదిలి పోయిందేమిటని ఊరు చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ. ఆ తెల్లటి గచ్చు మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ‘తిట్టకే అమ్మా’ అన్న మాట వినిపిస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఇంతలో ఊళ్ళో ఆ పాడు మాట మొదలైంది. సూదులు వేయించుకున్నా పోయిందట. డాక్టరమ్మ కాక నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. లితారా చెప్పొచ్చు. చెబితే మేనత్త ఇంట్లో ఉండగానే పిల్లకి సూది తప్పిందని ఊరంతా మోయెలంగిని వేలెత్తి చూపుతుంది. పైగా చచ్చిన పిల్లని అబద్ధాలకోరని చెప్పాలి. అన్నిటికన్నా కిందన, ఎవరికీ కనబడకుండా, ఇంకొకటుంది. నువ్వెందుకు అడగలేదే అని ఎవరైనా అడిగితే? మోయెలంగి కూడా చెప్పొచ్చు. చెబితే బిడ్డని పోగొట్టుకున్న తల్లిని పదిమందిలో దోషిని చేసినట్టవుతుందని ఆవిడ భయం. మళ్ళీ అదే మర్యాద! ఒక పిల్లని మింగింది చాలదన్నట్టు పెనీనా వైపు చూస్తోంది.

సలీలో వచ్చి వెళ్ళిన ఆ వారంలోనే, ఇంకా పూర్తిగా తెల్లవారకముందు, లితారా తమ్ముడు ఏతీ వచ్చి ఆమెని కుదిపి లేపాడు.

“అక్కా, లే. బయట తలవంచి కూర్చున్నారు.”

“ఎవరు?”

“ఎవరేమిటి? మీ వాళ్ళే. నీ వదిన.”

తలవంచడమంటే మా దీవుల్లో చిన్న సంగతి కాదు. మనిషి ప్రాణం పోయినప్పుడు, ఆడకూతురి మానం పోయినప్పుడు, తప్పు చేసిన ఇంటివాళ్ళు వచ్చి ఎదుటి ఇంటి ముంగిట్లో నెత్తిన సన్నచాప కప్పుకుని కూర్చుంటారు. లోపలివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండకి మాడినా, వానకి తడిసినా, రాళ్ళు పడినా కదలకూడదు. అయితే ఆ చాప కింద కూర్చునేది ఊరి పెద్దలు, మగవాళ్ళు. ఒక ఆడపడుచు, తమ్ముడి భార్య పుట్టింటి ముందు వచ్చి కూర్చోవడం ఎవరూ కనీ వినీ ఎరగరు.

మా ఇళ్ళకి గోడలుండవు. స్తంభాల మధ్యనుంచి లితారాకి అంతా కనిపించింది. ముంగిట్లో గులకరాళ్ళ మీద చాప కప్పుకున్న ఒక్క ఆకారం. వెనకాల ఫంగాలెలే కమిటీ ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని నేల మీద కూర్చున్నారు. వాళ్ళలో సలీలో కూడా ఉంది. ఇంకా వెనక, సీమపనస చెట్టు దగ్గర, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు సెఫో నిలబడి ఉన్నాడు. అతను ఇటు పెళ్ళాం ఇంటివాడూ కాలేకపోయాడు, అటు అక్క వెనక కూర్చోనూ లేకపోయాడు.

“కూర్చోనీ,” అన్నాడు ఏతీ పళ్ళు కొరుకుతూ. “వాళ్ళ చేతిలో పెట్టిన పిల్ల పోయింది. నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. ఎండెక్కనీ, అప్పుడు చూద్దాం.”

“నోర్ముయ్యరా!” అంది లోపలినుంచి ముసలి తల్లి. “పిల్లనిచ్చిన ఇంటి ఆడపడుచుని రాళ్ళ మీద కూర్చోబెట్టి చూస్తూ ఊరుకుంటారట్రా? మనుషులేనా మీరు? లితారా, వెళ్ళు. వెళ్ళి చాప తియ్యవే.”

లితారా లేచింది. ముంగిట్లోకి నడిచింది. నడుస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. సిగ్గుపడాల్సిన ఆలోచనే, కానీ వచ్చింది. చాప తీస్తే చాలు. తీసి వదినని పైకి లేపి కౌగలించుకుంటే చాలు. తప్పంతా ఆవిడ వెంట పోతుంది. తను బిడ్డని పోగొట్టుకుని కూడా క్షమించిన తల్లి అవుతుంది. ఇంక ఎవరూ, ఎప్పటికీ, నువ్వెందుకు అడగలేదే అని అడగరు.

వంగి చాప అంచు పట్టుకుని కొంచెం ఎత్తింది. లోపల మోయెలంగి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉంది. ఎప్పుడూ గట్టిగా ముడి వేసుకునే జుట్టు విరబోసుకుని ఉంది. ఒక్క నెలలో సగం జుట్టు నెరిసిపోయింది.

“వదినా, ఏమిటిది? లేవండి,” అంది లితారా మెల్లగా.

“చెప్పేది విను,” అంది మోయెలంగి తలెత్తకుండా. గుసగుసలాడుతోంది పాపం, ఆ గొంతు గుసగుసకి పుట్టింది కాదు, బొంగురుగా వస్తోంది. “బస్సులోనే అందరికీ చెప్పేశాను. పిల్లకి ఐదు నెలలు సూది పడలేదు, నేను వేయించలేదు, నాదే తప్పు అని. ఇప్పుడు నువ్వు చాప తీశావంటే ఊరు నమ్ముతుంది. మళ్ళీ పిల్లల్ని పంపుతారు. నువ్వేమీ మాట్లాడకు. పిల్ల పేరెత్తకు. నోరు మూసుకుని చాప తీసి లోపలికి పో.”

“మీ ఒక్కరిదేనా తప్పు?”

“నా ఒక్కదానిదే. మేనత్తని. కమిటీ పెద్దని. తిట్టించుకోవడానికి నేను చాల్లే.”

“నాకు అనుమానం వచ్చింది వదినా,” అంది లితారా. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడ్డది ఇప్పుడు దానంతటదే వచ్చేసింది. “పిల్ల కుంటట్లేదని చూశాను. కళ్ళారా చూశాను. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడ్డాను.”

మోయెలంగి తలెత్తింది.

“నేనూ చూశానే,” అంది. “నేనూ చూశాను. నువ్వు బాధపడతావని అడగలేదు.”

లితారా ఇంకేమీ ఆలోచించలేదు. చాప అంచు ఇంకాస్త పైకెత్తి, మోకాళ్ళ మీద పాక్కుంటూ లోపలికి దూరి, వదిన పక్కనే గులకరాళ్ళ మీద కూర్చుని, చాప మళ్ళీ దించేసింది. ముంగిట్లో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

“అక్కా!” అని అరిచాడు ఏతీ. “అదేం పని! మతి పోయిందా? బయటికి రా!”

“లేవే పిచ్చిదానా,” అంది మోయెలంగి, గుసగుస సంగతి మర్చిపోయి. “నువ్విక్కడ కూర్చుంటే చాప ఎవరు తీస్తారే?”

“ఎవరో ఒకరు తీస్తారు. లేకపోతే ఇక్కడే ఉందాం.”

“మీ తమ్ముడు రాళ్ళేస్తాడు.”

“వెయ్యనివ్వండి.”

ఆ చీకట్లో ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ లితారా ఆవిడకి అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. లితారా ఆవిడ చెయ్యి పట్టుకుని, నెత్తిన చాప ఉండగానే గొంతెత్తింది.

“సలీలో! ఉన్నావా? అందరూ వినండి. నా కూతురు ఐదు నెలలు సూది వేయించుకోలేదు. దానికి భయం. భయపడింది, తప్పించుకుంది. చిన్నపిల్ల, తప్పించుకోక ఏం చేస్తుంది? అడగాల్సింది మేము. తల్లిని నేను అడగలేదు. మేనత్త ఈవిడ అడగలేదు. నేను అడిగితే ఈవిడ నొచ్చుకుంటుందని, ఈవిడ అడిగితే నేను నొచ్చుకుంటానని. ఇద్దరం ఒకర్నొకరు నొప్పించుకోకుండా పిల్లని చంపుకున్నాం. సూదులు వేసినన్నాళ్ళూ నా కూతురు బతికింది సలీలో. బడికెళ్ళింది, చర్చిలో పాడింది, నీ పెనీనాతో కొట్లాడింది. సూది మానేశాక పోయింది. నువ్వు దుంపలు పట్టుకొచ్చిన రోజే ఈ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. నీ పిల్లకి ఏమైనా అయితే అది కూడా నా పాపమే.”

ఆ తర్వాత ఎవరో లేచిన అలికిడి, గులకరాళ్ళ మీద అడుగులు, పరుగు. సలీలో రోడ్డు మీదకి పరుగెత్తుతోందని, నర్సు ఇవాళ ఏ ఊళ్ళో ఉంటుందని కనబడ్డవాళ్ళందరినీ కేకేసి అడుగుతోందని చాప కింద ఉన్నవాళ్ళకి గొంతుని బట్టి తెలిసింది. మోయెలంగి లితారా చెయ్యి గట్టిగా నొక్కింది.

చాప మాత్రం ఎవరూ తీయలేదు. ఎవరు తీయాలి? ఏతీకి తోచలేదు. తప్పు జరిగిన ఇంటి మనిషే తప్పు చేసినవాళ్ళ పక్కన కూర్చుంటే పద్ధతి ఏమిటో వైపూనా పెద్దలకీ తెలియదు. ఎండ పెరిగింది. చాప కింద ఉక్క పోస్తోంది. ముసలి తల్లి లోపల్నుంచి ఎవరైనా తీయండిరా అని ఏడుస్తోంది, లేవలేదు కదా.

అప్పుడు సీమపనస చెట్టు దగ్గరనుంచి సెఫో వచ్చాడు. మెల్లగా వచ్చాడు. చాప అంచు రెండు చేతులా పట్టుకుని తీశాడు. తీసి, జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టి, అక్క ముందూ పెళ్ళాం ముందూ రాళ్ళ మీద కూలబడ్డాడు. వెలుతురుకి ఇద్దరూ కళ్ళు చికిలించి అతన్ని చూశారు. పిల్ల పోయినప్పుడు కూడా నోరు విప్పని మనిషి, ఇప్పుడు నోరు విప్పాడు.

“నేనడిగాను,” అన్నాడు.

“ఏం అడిగావురా?” అంది మోయెలంగి.

“పిల్లని అడిగేవాణ్ణి. ప్రతి నెలా. సూది నొప్పెట్టిందా తల్లీ అని. లేదు నాన్నా, ఇప్పుడసలు నొప్పే లేదు అనేది. పెద్దదైపోయింది, ధైర్యం వచ్చింది అనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో! మంచి పిల్లవి అని తోటలో పండిన బొప్పాయి కోసి పెట్టేవాణ్ణి.”

అరచేతులతో మొహం తుడుచుకున్నాడు.

“తినేది. తింటూ తింటూ ఒక్కోసారి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఎందుకే అని మాత్రం నేను అడగలేదక్కా.”